టెక్ సందేహాలు: ‘న్యూ’ను ఆపారు సరే, ఫైలు మాటేమిటి?

ప్రశ్న: మార్కెట్ యార్డు మీద జావా ప్రోగ్రామింగ్ భాషలో ప్రాజెక్టు చేస్తున్నాం. ‘టోకెన్’ పేరెంట్ క్లాస్ (క్లాస్ అంటే ఆబ్జెక్టులు తయారుచేసే నమూనా). వడ్ల టోకెన్, పత్తి టోకెన్ దాని నుంచి వచ్చే చైల్డ్ క్లాసులు. ఎవరు పడితే వాళ్లు ‘న్యూ’ అని ఆబ్జెక్టు చేయకూడదు, పేరెంటే ఇవ్వాలి. పేరెంట్ కన్‌స్ట్రక్టర్‌ను (ఆబ్జెక్టు పుట్టేటప్పుడు నడిచే కోడ్) ప్రైవేట్ చేస్తే, అంటే బయటి క్లాసులకు మూసేస్తే, చైల్డ్ కంపైల్ కావట్లేదు. ఏం చేయాలి?
- ఇంజినీరింగ్ విద్యార్థి, మిర్యాలగూడ

జవాబు: ప్రాజెక్టుల సీజన్ వస్తే చాలు, నల్గొండ నుంచీ మహబూబ్‌నగర్ నుంచీ ఇదే ప్రశ్న. క్లాసుల పేర్లే మారుతుంటాయి. చైల్డ్ తయారవ్వాలంటే ముందు పేరెంట్ కన్‌స్ట్రక్టర్ నడవాలి, దాన్నేమో మీరే మూసేశారు. చాలామంది వెంటనే ‘ప్రొటెక్టెడ్’ అని మార్చి, ఎర్రగీత పోయిందని సంబరపడతారు. కానీ అలా చేస్తే అదే ప్యాకేజీలోని (క్లాసుల ఫైళ్లుండే ఫోల్డర్ లాంటిది) ఏ క్లాసైనా దాన్ని పిలవొచ్చు. మీ ఫైళ్లన్నీ ఒకే ప్యాకేజీలో కుక్కి ఉంటాయి కదా, ఇక ఆ అడ్డు ఎవరికి? పేరెంట్‌ను అబ్‌స్ట్రాక్ట్ చేస్తే ‘న్యూ’ పేరెంట్ వరకే ఆగుతుంది, చైల్డ్‌కు కాదు. జావా 17తో ఖాయమైన సీల్డ్ క్లాసులు చైల్డ్ ఎవరు కావొచ్చో చెబుతాయి తప్ప ‘న్యూ’ను ఆపవు.

చైల్డ్ క్లాసులను పేరెంట్ లోపలే ప్రైవేట్ స్టాటిక్‌గా రాయండి. లోపలున్న వాటికి ప్రైవేట్ కన్‌స్ట్రక్టర్ అందుతుంది, బయటివాటికి అందదు. టోకెన్ కావాలంటే పేరెంట్‌లోని స్టాటిక్ మెథడ్‌నే అడగాలి. మీ పని అయిపోయింది.

నా టెన్షన్ వేరే. ఇలాంటి ప్రాజెక్టుల్లో క్లాస్ పక్కన ‘సీరియలైజబుల్’ (ఆబ్జెక్టును ఫైల్లో దాచి మళ్లీ చదవనిచ్చే గుర్తు) అని ఎందుకో తెలియకుండానే తగిలిస్తారు. వడ్లలో తేమ 17 శాతం దాటితే టోకెన్ రాకూడదని కన్‌స్ట్రక్టర్‌లో రాశారనుకోండి. ఫైలు నుంచి ఆబ్జెక్టును తిరిగి చదివేటప్పుడు జావా ఆ కన్‌స్ట్రక్టర్‌ను పిలవనే పిలవదు. ఫైల్లో 16ను 24 చేసినవాడికి కాంటా దగ్గర దర్జాగా టోకెన్ వస్తుంది. ప్రైవేట్, నెస్టెడ్ (క్లాసు లోపల క్లాసు) ఏవీ అడ్డుపడవు. ఇంకా ఘోరం, బయటినుంచి వచ్చిన బైట్లను చూడకుండా చదివితే మీరు ఊహించని క్లాసుల ఆబ్జెక్టులూ లేచి కూర్చుంటాయి. 2015లో అపాచీ కామన్స్ కలెక్షన్స్ లైబ్రరీ ఉన్న సర్వర్లలో బయటివాళ్లు తమ కమాండ్లు నడిపించగలిగింది ఈ దొడ్డిదారినే. సీరియలైజబుల్ తీసేయండి. తప్పదంటే, ఫైలు చదివేటప్పుడు నడిచే రీడ్‌ఆబ్జెక్ట్ మెథడ్‌లో తేమ మళ్లీ చూడండి, ఏ క్లాసులను లోనికి రానివ్వాలో చెప్పే, జావా 9 నుంచి ఉన్న ఇన్‌పుట్ ఫిల్టర్ పెట్టండి.

పెద్ద కంపెనీలూ తక్కువేం తినలేదు. పాత ఫైళ్లు తెరుచుకోవాలంటూ ప్రతి అప్‌డేట్‌లోనూ ఇదే కంతను మోసుకొస్తారు. ఐకాన్ల రంగు మాత్రం ఆర్నెల్లకోసారి మారుస్తారు.