కాల్ కలుస్తుంది, అవతలి మాట వినపడదు

ఇంటర్నెట్ మీద నడిచే మీ ఫోన్‌లో మీ మాట అవతలికి వెళ్తోంది, వాళ్ల మాటే మీకు వినపడటం లేదన్నారు కదా. దానికి ప్లాన్ స్పీడ్ పెంచుకోనక్కర్లేదండి, జీ.711 కోడెక్‌తో (మాటను డేటాగా మార్చే ఒక పద్ధతి) ఒక కాల్‌కి అటు, ఇటు సుమారు 90 కేబీపీఎస్ చొప్పున చాలు. ముందు రౌటర్ సెట్టింగుల్లో సిప్ ఏఎల్‌జీ (ఇంటర్నెట్ కాల్స్ డేటాను రౌటరే సవరించే ఫీచర్) ఆపేయండి. సాయం చేద్దామని పెట్టిన ఫీచరే, కానీ చాలా రౌటర్లలో అది ప్యాకెట్లలోని ఐపీ అడ్రస్, పోర్ట్ నంబర్లను తప్పుగా మార్చేస్తుంది. అవతలి గొంతు ఎక్కడికో పోతుంది. ఆపాక రౌటర్, ఫోన్ రెండూ రీస్టార్ట్ చేయండి.

ఎవరైనా వీడియో అప్‌లోడ్ చేస్తుంటే మాట ముక్కలవడం వేరే జబ్బు. రౌటర్‌లోని క్యూఓఎస్‌లో (ఏ డేటా ముందు వెళ్లాలో చెప్పే సెట్టింగ్) ఫోన్‌కి మొదటి ప్రాధాన్యం ఇచ్చి, అప్‌లోడ్ పరిమితిని అసలు స్పీడ్ కంటే కాస్త తగ్గించండి. టెస్ట్‌లో 10 ఎంబీపీఎస్ వస్తే 9 పెట్టండి. వీలైతే ఫోన్‌కి వైఫై బదులు కేబుల్ వాడండి. పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చే డేటాను నేరుగా ఒక పరికరానికి పంపే రౌటర్ సెట్టింగ్) జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లకండి.