అయిదో తీగ నోరు మూయించడం ఎలా?

ప్రశ్న: ఏడాదిగా గిటార్ నేర్చుకుంటున్నాను. బార్ కార్డ్స్ (చూపుడు వేలిని తీగలన్నిటి మీదా అడ్డంగా నొక్కి పట్టేవి) కూడా వచ్చు. ఇప్పుడు జాజ్ పద్ధతిలో ఎ మైనర్ సెవెన్త్ అనే కార్డ్ మొదలుపెట్టాను. అయిదో ఫ్రెట్‌లో (నెక్ మీది అయిదో గడిలో) ఆరు, నాలుగు, మూడు, రెండు తీగలే మోగాలట, ఆరోది అన్నిటికన్నా లావు తీగ. నాకేమో మోగకూడనివి మోగుతున్నాయి, మోగాల్సినవి మూగబోతున్నాయి. బార్ కార్డ్ ఉండగా ఈ అవస్థ ఎందుకండీ?

జవాబు: మీ చివరి మాటే ముందు తేల్చుకుందాం. నేనూ మొదట్లో ఆరు తీగలూ బాదేవాణ్ణి. ఓ రోజు బేస్ గిటార్ వాయించే మిత్రుడు మధ్యలో ఆపేసి, "అంతా నువ్వే వాయిస్తే ఇక నేనెందుకు?" అన్నాడు. కోపమొచ్చింది. ఆనాటి రికార్డింగ్ విన్నాక మాత్రం నోరెత్తలేదు. నా గిటార్ అంతా ముద్దముద్దగా ఉంది.

కారణం చిన్నదే. అయిదో ఫ్రెట్ బార్ కార్డ్‌లో ఎ రెండుసార్లు, ఇ రెండుసార్లు వస్తాయి. పైగా ఒక ఇ మంద్రంలో, లావు తీగ పక్కనే ఉన్న అయిదో తీగ మీద మోగుతుంది. మీరు నేర్చుకుంటున్న పట్టులో ఎ, జి, సి, ఇ ఒక్కోసారే పలుకుతాయి. మన లెక్కలో ఎ షడ్జమం అనుకుంటే, సి సాధారణ గాంధారం, ఇ పంచమం, జి కైశికి నిషాదం.

ఇక వేళ్లు. మధ్య వేలు ఆరో తీగ మీద పెట్టండి, కానీ నిట్టనిలువుగా వద్దు. కాస్త వాలిస్తే వేలి కింది మెత్తటి భాగం అయిదో తీగను ఆనుకుంటుంది. నొక్కకూడదు, తాకాలంతే. ఉంగరం వేలిని నాలుగు, మూడు, రెండు తీగల మీద అడ్డంగా పడుకోబెట్టండి. అదే వేలి మొదలు వైపు భాగం ఒకటో తీగకు ఊరికే తగలనివ్వండి. బొటనవేలు నెక్ వెనక మధ్యలో ఉండాలి, పైకి పాకితే పట్టు చెడుతుంది. తీగల్ని ఒక్కొక్కటే మీటి చూసుకోండి. అయిదోది "టక్" అనాలి. "టంగ్" అంటే మధ్య వేలు ఇంకా వాలలేదన్నమాట.

ఉంగరం వేలు మొదటి కణుపు దగ్గర వెనక్కి వంగదు కొందరికి. నాదీ అంతే. టెన్షన్ పడకండి, రెండో తీగ వదిలేయండి. ఆరు, నాలుగు, మూడు చాలు. పోయేది పంచమం ఒక్కటే. మైనర్ రంగు సి వల్లా, సెవెన్త్ రంగు జి వల్లా వస్తాయి, ఆ రెండూ ఉన్నాయిగా! కౌంట్ బేసీ జాజ్ బృందంలో 1937 నుంచి 1987లో చనిపోయేదాకా గిటార్ వాయించిన ఫ్రెడ్డీ గ్రీన్ చాలాసార్లు ఇంతకన్నా తక్కువ స్వరాలతోనే లాగించేవాడు.

మణికట్టు నొప్పి పుడితే ఆపేయండి, పంతం వద్దు.

పట్టు కుదిరాక మెట్రోనోమ్‌ని (తాళం కొట్టే పరికరం) నిమిషానికి 60 దెబ్బలకు పెట్టి, ఒక్కో తాళావర్తానికి నాలుగు దెబ్బలు వేయండి. ప్రతి దెబ్బకీ వెంటనే ఎడమ చేతి బిగువు వదలండి, వేళ్లు మాత్రం తీగల మీంచి లేవకూడదు. తర్వాత అదే పట్టును మూడో ఫ్రెట్‌కి జరపండి, జి మైనర్ సెవెన్త్. ఎనిమిదికి జరిపితే సి మైనర్ సెవెన్త్. జరిపేటప్పుడు అయిదో తీగ మళ్లీ మాట్లాడుతుంది చూడండి. నాకు ఎక్కువ రోజులు పట్టింది అక్కడే.