ఒకే ఎన్నిక, రెండు ఫీడ్‌లు

ప్రశ్న: నేనూ మా అన్నయ్యా ఒకే యాప్ వాడుతున్నాము. ఎన్నికల ప్రచారం మొదలైనప్పటి నుంచి ఆయన ఫోనులో కనిపించేవి చూస్తే, అది వేరే దేశపు ఎన్నికేమో అనిపిస్తోంది. మా మధ్య మాటలు కూడా తగ్గాయి. ఇది అల్గారిథమ్ పనేనా? దాన్ని ఆపేస్తే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది చివరి ప్రశ్న కాదు, మీ ఇద్దరి మధ్య మాటలు తగ్గాయన్న సంగతి.

యాప్ తెరవగానే కనిపించే పోస్టుల వరుసలో, అంటే ఫీడ్‌లో, ఏది ముందు రావాలో తేల్చే ఈ అల్గారిథమ్‌కు ఏ పార్టీ మీదా అభిమానం ఉండనక్కరలేదు. మీరు ఏ పోస్టు దగ్గర ఎంతసేపు ఆగారో, దేనికి కామెంట్ పెట్టారో, దేన్ని షేర్ చేశారో లెక్కగట్టి, అటువంటివాటినే మళ్లీ ముందుకు తెస్తుంది. మీరు మెచ్చి ఆగారా, మండిపడి ఆగారా అన్న తేడాను అది అంతగా పట్టించుకోదు. ఫేస్‌బుక్ 2017లో కోపం ఎమోజీతో సహా స్పందన ఎమోజీలకు లైక్ కంటే ఐదు రెట్ల విలువ ఇచ్చిందని, 2020లో గాని కోపం ఎమోజీ విలువను సున్నా చేయలేదని, 2021లో బయటపడిన ఆ సంస్థ అంతర్గత పత్రాలు చెబుతున్నాయి. కోపం ఎటూ పెచ్చుమీరే ఎన్నికల వేళ ఇటువంటి లెక్క ఎవరి గొంతును పెంచుతుందో ఊహించడం కష్టం కాదు.

అయినా, ఆపేస్తే సరిపోతుందని నేను చెప్పలేను. 2020 అమెరికా ఎన్నికల సమయంలో పరిశోధకులు కొందరు ఫేస్‌బుక్ వాడుకరులకు మూడు నెలలపాటు పోస్టులను కేవలం సమయక్రమంలో చూపించగా, మామూలు అల్గారిథమ్ ఫీడ్ చూసినవారితో పోలిస్తే వారి రాజకీయ వైఖరుల్లో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. పైగా విశ్వసనీయత లేని పోస్టులు వారికి ఎక్కువగా కనిపించాయి. ఆ రోజుల్లో ఫేస్‌బుక్ సంస్థ తన మామూలు అల్గారిథమ్‌లోనూ అత్యవసర మార్పులు చేసినందువల్ల ఆ పోలికను జాగ్రత్తగా చూడాలని తర్వాత వేరే పరిశోధకులు అభ్యంతరం చెప్పారు, అది సబబైన అభ్యంతరమే. 2018 అమెరికా మధ్యంతర ఎన్నికలకు ముందు నాలుగు వారాలు ఫేస్‌బుక్ మానేసినవారిలో విధానాల మీద అభిప్రాయభేదాల తీవ్రత తగ్గింది గాని, వార్తల పరిజ్ఞానం కూడా తగ్గింది. అవతలి పార్టీ మీద అయిష్టంలో మాత్రం గట్టిగా చెప్పగలిగినంత తేడా కనిపించలేదు.

నా దృష్టిలో అసలు నష్టం మరోచోట ఉంది. అవతలి పక్షంలో నిదానంగా ఆలోచించే వేలమంది మన ఫీడ్ దాకా రారు, అందరికంటే బిగ్గరగా తిట్టే పదిమందే వస్తారు, ఆ పదిమంది ముఖాన్నే మనం మన ఇంట్లోవాళ్లకూ తగిలిస్తాము. కాబట్టి ఈ వారం ఒక అరగంట ఫోన్లు మార్చుకొని చూడండి. ఆ తర్వాత తన ఓటును ఏ ఒక్క అంశం నిర్ణయిస్తోందో మీ అన్నయ్యను అడిగి, జవాబు పూర్తయ్యేదాకా అడ్డు రాకుండా వినండి.