పేగు ఉబ్బినప్పుడు రోజూ ఎక్స్‌రే అవసరమా?

ప్రశ్న: మా తమ్ముడికి 28 ఏళ్లు. మూడేళ్లుగా అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడే జబ్బు) ఉంది. వారంగా రక్త విరేచనాలు, జ్వరం ఉంటే ఆస్పత్రిలో చేర్చాం. నిన్నటి నుంచి విరేచనాలు తగ్గాయి గానీ పొట్ట ఉబ్బింది. టాక్సిక్ మెగాకోలన్ (పెద్దపేగు ప్రమాదకరంగా ఉబ్బిపోవడం) అని అనుమానిస్తూ రోజూ పొట్టకు ఎక్స్‌రే తీస్తున్నారు. ఒకసారి సీటీ స్కాన్ చేస్తే సరిపోదా?

డాక్టర్ సలహా: ముందు విరేచనాల సంగతి. పొట్ట ఉబ్బుతుండగా విరేచనాలు తగ్గితే నయమవుతోందని అనుకోకండి. వాపు పేగు లోపలి పొరను దాటి కండరం దాకా పాకితే కదలిక ఆగిపోయి, గాలీ మలమూ లోపలే నిలిచిపోతాయి. ఈ మార్పును ఇవాళే మీ డాక్టర్‌కు చెప్పండి.

ఇక ఎక్స్‌రే. రోగిని వెల్లకిలా పడుకోబెడితే గాలి ఎక్కువగా పెద్దపేగులో అడ్డంగా ఉండే భాగంలోకి చేరుతుంది. అందుకే వెడల్పును సాధారణంగా అక్కడ కొలుస్తారు. 6 సెంటీమీటర్లు దాటితే పేగు సాగిపోయినట్టే. మామూలు పేగుకు పూసలు గుచ్చినట్టు మడతలుంటాయి. ఈ జబ్బులో అవి చెరిగిపోయి నున్నటి గొట్టంలా కనిపిస్తుంది. వాచిన గోడ ఒక్కోసారి బొటనవేలితో నొక్కినట్టు లోపలికి పొడుచుకొస్తుంది. అయితే ఫిల్మ్ ఒక్కటే చూసి నిర్ధారించరు, పొటాషియం పడిపోయినా పేగు ఉబ్బుతుంది కాబట్టి. 38 డిగ్రీల సెల్సియస్ దాటిన జ్వరం, 120 దాటిన నాడి, 10,500 దాటిన తెల్లకణాలు, రక్తహీనత... వీటిలో కనీసం మూడు ఉండాలి. వాటికి తోడు ఒంట్లో నీరు తగ్గడం, బీపీ పడిపోవడం, లవణాలు తారుమారవడం, మగత వంటివాటిలో ఒకటైనా ఉండాలి.

రోజూ తీయడం పోల్చి చూడటానికే. నిన్న 6.5 ఉన్నది ఇవాళ 8 అయితే మందు పనిచేయడం లేదన్నమాట. పైగా వాపు తగ్గడానికి ఇచ్చే స్టెరాయిడ్లు నొప్పిని కప్పేస్తాయి. పేగుకు చిల్లు పడినా రోగి పెద్దగా బాధపడకపోవచ్చు. అందుకని పది నిమిషాలు నిటారుగా కూర్చోబెట్టి ఛాతీ ఎక్స్‌రే కూడా తీస్తారు. డయాఫ్రమ్ (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరం) కింద నల్లటి నెలవంకలా గాలి కనిపిస్తే చాలావరకు చిల్లు పడినట్టే. కూర్చోలేకపోతే ఎడమ పక్కకు పడుకోబెట్టి తీస్తారు. మూసుకుపోయిన చిన్న చిల్లు, చీము గడ్డ మాత్రం ఎక్స్‌రేకు చిక్కకపోవచ్చు. అక్కడ సీటీ తప్పదు. కానీ దాని రేడియేషన్ పలు రెట్లు ఎక్కువ. ఎక్స్‌రేలా రోజూ తీయలేం.

విరేచనాలు ఆపే లోపెరమైడ్, కడుపులో మెలిపెట్టే నొప్పికి ఇచ్చే డైసైక్లోమిన్, నొప్పి మందు ట్రమడాల్ ఇస్తున్నారేమో అడగండి. ఇవి పేగు కదలికను ఇంకా తగ్గిస్తాయి. ఈ దశలో పూర్తి కొలనోస్కోపీ (గొట్టం పంపి పెద్దపేగంతా చూసే పరీక్ష) కూడా ప్రమాదమే. ఇవాళ వెడల్పు ఎంత, పొటాషియం ఎంత, సర్జన్ చూశారా అన్నవి రోజూ కనుక్కోండి. మందులతో 24 నుంచి 72 గంటల్లో తగ్గకపోతే పెద్దపేగు తీసేసే ఆపరేషన్ చేయాలి. చిల్లు పడితే ఆ గడువూ ఉండదు. సంతకం అడిగినప్పుడు ‘ఇంకో రోజు చూద్దాం’ అనకండి.