తంజావూరు గుడి మీద రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

తంజావూరు బృహదీశ్వరాలయం మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. చెయ్యి బాగానే తిరిగింది, వాక్యం సాఫీగా నడుస్తోంది. కానీ మొదటి పేజీలోనే "అద్భుతం" నాలుగుసార్లు వచ్చింది, రాయి మాత్రం ఒక్కసారీ కనిపించలేదు. తంజావూరు పేరు కొట్టేసి మదురై అనో చిదంబరం అనో రాసినా అందులో ఒక్క వాక్యం మార్చక్కర్లేదు. దాని జబ్బు అదే.

మందు గుడి గోడ మీదే ఉంది. కట్టించిన రాజరాజచోళుడు లెక్కలన్నీ రాతిలో చెక్కించి పోయాడు. ఆజ్ఞ కూడా ఉంది: మేమిచ్చినవీ, మా అక్క ఇచ్చినవీ, మా రాణులిచ్చినవీ, ఇంకా ఇచ్చినవాళ్లిచ్చినవీ శ్రీవిమానం మీద, అంటే గర్భగుడి మీద లేచిన కట్టడం మీద, రాతిలో చెక్కండి అని. ఆ అక్క కుందవై. రాణుల కంటే ముందు ఆవిడ పేరెత్తాడు చూశావా! ఆయన మనస్తత్వం మీద నువ్వు రాసిన అరపేజీ కంటే ఈ వరస ఎక్కువ చెబుతుంది. విమానం మీది కలశాన్ని తన ఇరవై అయిదో పాలనా సంవత్సరంలో 275వ రోజున ఇచ్చాడని కూడా ఉంది. అంటే 1010. తేదీ ఇంత కచ్చితంగా దొరికే గుడికి "సుమారు వెయ్యేళ్ల క్రితం" అని రాయడమేమిటి?

శాసనాల్లో ఏదో ఒకటి పట్టుకుని దాని దగ్గర కాసేపు ఆగు. ఉదాహరణకు దీపం లెక్క. ఒక అఖండదీపానికి రోజుకు ఒక ఉళక్కు (అప్పటి చిన్న కొలత) నెయ్యి కావాలి. దానికి 96 గొర్రెలు, లేదా 48 ఆవులు, లేదా 16 గేదెలు ఇచ్చి కాపరులకు అప్పగించారు. ఈ గొర్రెలకు శాసనాల్లో వాడుకైన మాట "చావని, ముసలికాని గొర్రెలు". ముసలివి చస్తాయి, పిల్లలు పుడతాయి, మందలో మాత్రం తొంభైఆరు తగ్గకూడదు. మంద కాపరిది, నెయ్యి దేవుడిది. ఒక్క దీపం వెనక ఇంత కథ ఉందని చెబితే పాఠకుడు ఆ దీపాన్ని మళ్లీ చూస్తాడు. అలాంటివి ఇంకా ఉన్నాయి. తిరుప్పదియం అనే తమిళ శివస్తుతులు పాడటానికి 48 మందిని, వాయిద్యానికి ఇద్దరిని పెట్టి తలా రోజుకు మూడు కురుణుల వడ్లు ఏర్పాటు చేశారు (కురుణి, కలము అప్పటి ధాన్యపు కొలతలు). గుడి సేవకు వేరే గుళ్ల నుంచి నాలుగు వందల మంది స్త్రీలను తెచ్చి, ఏ వీధి, ఏ వరస, ఎన్నో ఇల్లు అన్నది పేరుపేరునా రాశారు. ఒక్కొక్కరికి ఏడాదికి వంద కలముల వడ్లు. గుడి సొమ్మును ఊరి సభలకు కాసుకు ఎనిమిదో వంతు వడ్డీకి ఇచ్చారు, అంటే ఏడాదికి వందకు పన్నెండున్నర. ఆ అప్పులిచ్చింది శివుడి సొమ్ముకు కాపలాదారనే చండికేశ్వరుడి పేరున. ఇప్పుడు ఉత్తరం వైపున్న ఆయన సన్నిధి ముందు నిలబడ్డ జనం మెల్లగా చప్పట్లు కొట్టి, ఏమీ పట్టుకెళ్లడం లేదు స్వామీ అన్నట్టు చేతులు చూపిస్తారు. లెక్కల శాసనాన్నీ ఈ చప్పట్లనూ ఒకే పేరాలో పెట్టు. వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు.

తమిళమూ గ్రంథ లిపీ రావు కదా, ఇవన్నీ ఎలా చదవడం అంటావు. దక్షిణ భారత శాసనాల సంపుటాల్లో రెండోది దాదాపు అంతా ఈ గుడిదే. దాని సంపాదకుడు హుల్ట్జ్ పాఠం, ఆంగ్లానువాదం రెండూ ఇచ్చాడు. ఏ గోడ, పైవరసా కిందివరసా అన్నది శీర్షికలోనే ఉంటుంది. బయల్దేరే ముందు మూడు శాసనాలు ఎంచుకో, అంతకంటే వద్దు. వాటి చోటు కాగితం మీద రాసుకుని వెళ్లి ఆ గోడ ముందు నిలబడు. పొద్దున్నే వెళ్లాలి. ఏటవాలు వెలుగులో అక్షరాలు లోతు తేలతాయి, నడినెత్తి ఎండలో చదునైపోతాయి. పైగా పదిన్నర దాటితే బండలు కాలతాయి. నడవడానికి పరిచిన పట్టా దిగి గోడ దాకా పోలేవు. మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి నాలుగు దాకా ఎలాగూ దర్శనం ఉండదు.

గైడు చెప్పిన నీడ కథను నువ్వు ఉన్నదున్నట్టు దించావు. విమానం నీడ నేల మీద పడదట! సాయంత్రం అయిదింటికి నంది దగ్గర నిలబడితే తేలిపోయేదే. విమానం ఆవరణలో పడమటి సగంలో ఉంది, సుమారు 216 అడుగుల ఎత్తు. పడమట సూర్యుడు వాలితే నీడ తూర్పున మండపం దాటి నంది మీదికి వస్తుంది. వేసవి నడిమధ్యాహ్నం మాత్రం అడుగు భాగంలోనే అణిగిపోతుంది, సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు, పునాది వెడల్పుగా ఉంది కాబట్టి. శిఖరం ఎనభై టన్నుల ఏకశిల అన్నదీ అంతే, రాళ్లు కూర్చి చేసిందని పరిశీలించినవాళ్ల మాట. ఏటవాలు దారి కట్టి దాన్ని పైకి లాగారన్న కథ కావాలంటే ఉంచు, కానీ "అని చెప్పుకుంటారు" అని ముందు పెట్టు. అబద్ధమని తెలిసినదాన్ని భక్తి పేరుతో వదిలేయడం నాకు నచ్చదు.

ఇంకొక పెద్ద పొరపాటు: గుడి మొత్తాన్నీ రాజరాజు ఖాతాలో వేశావు. ఇప్పుడున్న నంది నాయకరాజుల కాలంది, చోళులది కాదు. అమ్మవారి గుడి పదమూడో శతాబ్దపు పాండ్యులది. చెక్కడం కోసమే అందరూ ఫోటో తీసుకునే సుబ్రహ్మణ్యస్వామి గుడి నాయకులది. బయటి ద్వారం మరాఠాలది. ప్రాకారంలో 1803 నాటి భోంస్లే వంశచరిత్ర మరాఠీలో చెక్కి ఉంది. ఏ భాగం ఎవరిదో ఒక్కో మాటలో చెప్పేసి ముందుకు నడువు, అక్కడ చరిత్ర పాఠం వద్దు.

వరస తప్పకుండా నడిపించు. మరాఠా ద్వారం, తర్వాత కేరళాంతకన్ తిరువాసల్, ఆపైన రాజరాజన్ తిరువాసల్ (తిరువాసల్ అంటే ద్వారం). ఈ మూడో దాని దగ్గర ఆగు. ఏకశిలా ద్వారపాలకుడి కింద ఏనుగును మింగుతున్న పాము ఉంటుంది. ఏనుగును బట్టి పాము ఎంతదో, పామును బట్టి ఆ కాపలావాడు ఎంతవాడో, వాడిని బట్టి లోపలున్నవాడు ఎంతటివాడో లెక్క కట్టుకోమని శిల్పి వదిలేశాడు. కొలత చెప్పకుండా పెద్దరికం చూపించడం అంటే ఇదే. ఈ ద్వారం పీఠం మీది చిన్న పలకల్లో మార్కండేయుడు, పాశుపతం కోసం తపస్సు చేసిన అర్జునుడు ఉన్నారు, జనం చూడకుండా దాటిపోతారు. లోపలి ఆవరణ సుమారు 240 మీటర్ల పొడవు, అందులో సగం వెడల్పు. రెండున్నర అడుగుల అంగతో నడిస్తే పొడుగువైపు మూడు వందల పైచిలుకు అంగలు పడతాయి, నడిచి చూడు. అంకె నీ కాళ్లలోంచి వస్తే వాక్యం తేలిపోదు.

విమానం చుట్టూ రెండో వరస గూళ్లు తలెత్తి చూడు. దాదాపు అన్నిటా విల్లు పట్టిన త్రిపురాంతకుడే, మూడు పురాలను కూల్చిన శివుడు. యుద్ధాలతో రాజ్యం పెంచినవాడి గుడిలో ఈ మూర్తికి అంత మోజు ఎందుకో ఊహించడం కష్టం కాదు. చోళ కుడ్యచిత్రాలు "చూశాను" అని మాత్రం రాయకు. అవి గర్భగుడి చుట్టూ ఉన్న లోపలి ప్రదక్షిణ మార్గంలో ఉన్నాయి, అక్కడికి అందరినీ వెళ్లనివ్వరు. నాయకుల చిత్రాల పొర కింద అవి బయటపడింది 1931లో. నువ్వు చూసింది నకళ్లైతే నకళ్లనే రాయి.

జనం గురించి రాయాలనుకుంటే త్రయోదశి సాయంత్రం, ప్రదోషానికి, నంది అభిషేకం వేళ వెళ్లు. శాసనాల కోసమైతే ఆ రోజు మానుకో, గోడ దగ్గర కాలు పెట్టే చోటుండదు. అర్చనకు పేరు, నక్షత్రం అడుగుతారు, రాశి కూడా తెలిసి ఉంటే మంచిది. చేతికి విభూతి వస్తుంది. మనవైపు శివాలయాల్లోలా తీర్థం కోసం చెయ్యి చాపుకుని నిలబడకు.

తెలుగు సంబంధం వెతికి వెతికి చివర అతికించావు, అతుకు కనిపిస్తోంది. అసలైనది వదిలేశావు. రాజరాజు కూతురిని, ఆమె పేరూ కుందవైయే, వేంగి రాజు విమలాదిత్యుడికి ఇచ్చారు. వాళ్ల కొడుకు రాజరాజనరేంద్రుడు, నన్నయ చేత భారతం మొదలుపెట్టించినవాడు. ఈ గుడి కట్టినవాడు మన ఆదికవి ప్రభువుకు తాత. ఇది కుందవై అక్క ప్రస్తావన వచ్చిన చోటే రెండు వాక్యాల్లో చెప్పు, చివరిదాకా దాచకు.

పేర్లు ఇంగ్లీషు బోర్డులు చూసి రాసినట్టున్నావు. "థిరువయ్యారు", "థంజావూర్" అని ఉన్నాయి. తమిళంలో ఆ వత్తులు లేవు. తిరువయ్యారు, తంజావూరు అని దిద్దు. మొత్తం మళ్లీ రాయక్కర్లేదు. ముందు దీపం పేరా, ద్వారపాలకుడి పేరా రెండే రాసి పంపు. అవి కుదిరాక మిగతాది చూద్దాం.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య