పునరుద్ధరించిన చెరువు చుట్టూ కుటుంబంతో నడక

ప్రశ్న: దసరా సెలవుల్లో పిల్లలను, మా అత్తమ్మను తీసుకొని, మిషన్ కాకతీయ కింద పూడిక తీసిన మా ఊరి చెరువు చుట్టూ నడవాలనుకుంటున్నాము. అయితే ఒక పక్క ఒడ్డంతా తుంగ, జమ్ము అల్లుకుపోయాయి. వాటినీ తీయిస్తే బాగుండును కదా? ఈ కాలంలో పిల్లలకు ఏమి చూపించవచ్చు?
– ఒక పాఠకురాలు, హనుమకొండ జిల్లా

జవాబు: దయచేసి ఆ తుంగను తీయించే ఆలోచన మానుకోండి. చెరువు బాగుపడిందనడానికి ఎత్తయిన కట్ట ఒక్కటే గుర్తు కాదు. నీరు మోకాలి లోతు కూడా లేని అంచుల్లో జమ్ము నిలిచి ఉంటే, అక్కడే చేపపిల్లలు తలదాచుకుంటాయి, నీటికోళ్లు గూళ్లు కడతాయి, పొలాల నుంచి కొట్టుకొచ్చే మట్టి, ఎరువుల అవశేషాలు చాలావరకు అక్కడే ఆగిపోతాయి. తీయించవలసింది గుర్రపు డెక్కను. అది నీటిని పూర్తిగా కప్పేసి, అడుగున వెలుతురు, ప్రాణవాయువు అందకుండా చేస్తుంది.

వలస బాతుల పెద్ద గుంపులను చూడాలంటే డిసెంబరు, జనవరి నెలలు మేలు; అప్పటికి నీరు కొంత తగ్గి, వాటికి మేత దొరికే బురద అంచులు బయటపడతాయి. ఇప్పుడు మాత్రం చెరువు నిండుగా ఉంటుంది కనుక, నీటిలో మునిగి చేపను పట్టి, బయటికి వచ్చి రెక్కలు చాచి ఆరబెట్టుకునే నీటికాకిని, లకుముకి పిట్టను, తూనీగలను, అదృష్టం ఉంటే పాలపిట్టను చూపించండి. తూము ఎక్కడ, మత్తడి (చెరువు నిండాక నీరు పొర్లిపోయే అలుగు) ఎక్కడ, బతుకమ్మకు గునుగు, తంగేడు ఏ వైపు నుంచి కోసుకొచ్చేవారో మీ అత్తమ్మనే చెప్పమనండి. ఆ విషయాలు ఆమె నోట వింటేనే పిల్లలకు గుర్తుంటాయని నా గట్టి నమ్మకం.

ఇంకొక రోజు వీలైతే నర్సంపేట మీదుగా పాకాలకు వెళ్లండి. కాకతీయ గణపతిదేవుని పాలనలో, 13వ శతాబ్దంలో కట్టిన ఆ చెరువు చుట్టూ అడవి ఉండడం వల్ల, చెట్ల నీడ నీటి దాకా వచ్చే చోటికీ, పొలాల నడుమ ఉండే మీ ఊరి చెరువుకూ పక్షుల్లో ఎంత తేడా ఉంటుందో పిల్లలే పోల్చుకోగలుగుతారు.

పొద్దున్నే, ఎండ ముదరకముందే బయలుదేరండి. పూడిక మట్టి తీసిన గుంతలు నీటి అడుగున కనిపించవు; పైకి లోతు లేనట్టే ఉండి ఒక్కసారిగా మనిషి మునిగేంత లోతు వస్తుంది కాబట్టి, పిల్లలను నీటిలోకి అసలు దిగనివ్వకండి. మత్తడి మీద నీరు పారుతూ ఉంటే నాచు జారుతుంది, దాన్ని దాటకుండా వచ్చిన దారినే వెనక్కి తిరగండి.