చెక్క ఓడ నమూనాలకు మొదటి కిట్టు ఏది? అమెరికా నుంచి ఏ పనిముట్లు తెప్పించుకోవాలి?

మీరు అడిగింది ఇదీ: ప్లాస్టిక్ ఓడలు నాలుగైదు చేశారు, ఇప్పుడు చెక్కలోకి దిగాలని ఉంది. మీ తమ్ముడు డిసెంబరులో అమెరికా నుంచి విశాఖ వస్తున్నాడు. అతని చేత విక్టరీ అనే పాత బ్రిటిష్ యుద్ధనౌక కిట్టు, చిన్న టేబుల్ రంపం, డ్రెమెల్ (చేత్తో పట్టుకుని వాడే చిన్న కరెంటు యంత్రం, కోయడానికి, అరగదీయడానికి) తెప్పించుకోవచ్చా అని. నా సలహా, ఈ మూడూ ఇప్పుడు వద్దు.

విక్టరీ 104 ఫిరంగుల ఓడ. 1:72 స్కేలులో, అంటే అసలు ఓడలో 72వ వంతు సైజులో, కొస నుంచి కొసకు దాదాపు 1.4 మీటర్లు వస్తుంది. ఓడ ఒంటికి సన్నని చెక్క పలకలు అమర్చడం అందరూ మొదటి ఓడ పాడుచేసుకునే నేర్చుకుంటారు. ఆ పాడయ్యేదేదో రెండు నెలల్లో తేలిపోయే చిన్న పడవ అయితే మేలు. మోడల్ షిప్‌వేస్ వాళ్ల షిప్‌రైట్ సిరీస్‌లో మూడు కిట్లున్నాయి: 1:24లో గ్రాండ్ బ్యాంక్స్ డోరీ, 1:12లో నార్వే తెరచాప పడవ, 1:24లో మస్కాంగస్ బే లాబ్‌స్టర్ స్మాక్. మూడూ డేవిడ్ ఆంట్షెర్ల్ రూపకల్పనే. ఒకదాని తర్వాత ఒకటి చేస్తే ఏటవాలు చెక్కడం, పలక సన్నం చేయడం, వేడితో వంచడం వరసగా చేతికొస్తాయి. ఆ తర్వాత వాన్‌గార్డ్ మోడల్స్ వాళ్ల 1:64 షెర్బోర్న్ లాంటి కట్టర్‌కి, అంటే ఒకే తెరచాప స్తంభం ఉన్న చిన్న ఓడకి, వెళ్లండి.

ఓడ అందం, వికారం తేలేది పలకలు వేసేటప్పుడు కాదు, అంతకు ముందే. కీల్‌గా, అంటే ఓడ వెన్నెముకగా, వాడే ప్లైవుడ్ ముక్కను గాజు పలక మీద పెట్టి చూడండి. మిల్లీమీటరు వంపు ఉన్నా, జిగురు పెట్టకముందే బరువుల కింద సరిచేయాలి. కీల్‌కు అడ్డంగా గాడుల్లో దింపే పక్కటెముకల్లాంటి బల్క్‌హెడ్లు అంటుకున్నాక దాన్ని ఇక సరిచేయలేరు. గాడి బిగుతుగా ఉంటే సుత్తితో కొట్టకండి, ఆకురాయితో గాడినే సాపు చేయండి. కొట్టి దింపిన బల్క్‌హెడ్ కీల్‌ను పక్కకు నెడుతుంది.

ఇప్పుడు బల్క్‌హెడ్ల అంచులు. లేజరు కోతకు అవి నల్లగా కాలి ఉంటాయి. మసి ఉన్నచోట జిగురు పట్టదని మొత్తం గీకేస్తారు చాలామంది. మిగతా ముక్కలకు అది సరే, బల్క్‌హెడ్లకు మాత్రం వద్దు. ఆ నలుపే మీకు కొలబద్ద. అణియం (ఓడ ముందు భాగం) వైపు బల్క్‌హెడ్లకు ముందు అంచు అరగదీయాలి, అమరం (వెనక భాగం) వైపు వాటికి వెనక అంచు. అరగదీసేకొద్దీ నలుపు తగ్గుతూ, అవతలి అంచున వెంట్రుకంత గీత మిగిలినప్పుడు ఆపండి. ఆ గీత కూడా పోయిందంటే ఓడ ఆకారమే తగ్గిందన్నమాట. తర్వాత 1.5 × 5 మి.మీ. పలకను నాలుగైదు బల్క్‌హెడ్ల మీద వేలితో ఆనించి చూడండి. ఎక్కడా ఎగరకూడదు, ఎక్కడా వెలుతురు కనబడకూడదు. పల్లం ఉన్నచోట అరమిల్లీమీటరు చెక్క ముక్క అంటించి మళ్లీ అరగదీయండి. ముందు రెండు బల్క్‌హెడ్ల మధ్య బాల్సా దిమ్మలు నింపితే అక్కడ పలక విరగదు.

పలకల లెక్క కాగితం మీద పెట్టుకోండి. నడుమ బల్క్‌హెడ్ మీద కీల్ నుంచి పై అంచు దాకా 100 మి.మీ. ఉంటే, 5 మి.మీ. పలకలు 20 వరుసలు. అదే ముందు బల్క్‌హెడ్ మీద 60 మి.మీ. ఉంటే, అక్కడ ఒక్కో పలక 3 మి.మీ.కి సన్నబడాలి. సగం వెడల్పు కన్నా, అంటే 2.5 కన్నా, సన్నం చేయొద్దు. అంతకు తగ్గాల్సి వస్తే రెండు పలకలను కలిపి ఒకటి చేయాలి. వెనక 115 మి.మీ. వస్తే 20 వరుసలకు చోటు నిండదు, అక్కడ త్రికోణపు ముక్కలు ఇరికించాలి. కీల్‌ను ఆనుకునే మొదటి వరుసను అణియం దగ్గర పైకి పాకనివ్వకండి. కొత్తవాళ్ల ఓడల్లో ఎక్కువగా కనిపించే తప్పు అదే. దాంతో పై పలకలన్నీ సూదుల్లా సన్నబడిపోతాయి.

వంచడానికి గంటల తరబడి నానబెట్టకండి. నానిన పలక ఉబ్బుతుంది, ఆరాక కుంచించుకుపోయి సందులు తెరుచుకుంటాయి. కాస్త తడిపి ఇస్త్రీపెట్టెతోనో జుట్టు ఆరబెట్టే యంత్రంతోనో వేడి చేస్తూ వంచి, చల్లారేదాకా బిగించి ఉంచితే చాలు. జిగురు మామూలు ఫెవికాలే. ఇన్‌స్టంట్ జిగురు పలక అంచుకు ఒకటి రెండు చుక్కలే పెట్టండి. పైకి కారినచోట తర్వాత వార్నిష్ పట్టక మచ్చ పడుతుంది.

దీనికి కావలసిన పనిముట్లు చాలా తక్కువ. చేతి డ్రిల్లు, 0.5 నుంచి 1.2 మి.మీ. దాకా బిట్లు. అవి హెచ్‌ఎస్‌ఎస్‌వి (హై స్పీడ్ స్టీల్ అనే ఉక్కువి) అయి ఉండాలి. కార్బైడ్ బిట్లు స్టాండ్ డ్రిల్లుకే పనికొస్తాయి, చేతిలో కాస్త పక్కకు ఒరిగినా పుటుక్కుమంటాయి. సన్న పళ్ల రంపం, అరచేతిలో ఇమిడే చిత్రిక, సూది ఆకురాళ్లు, డిజిటల్ కాలిపర్, బట్టల క్లిప్పులు రెండు డజన్లు. 20 మి.మీ. వెడల్పు ప్లైవుడ్ బద్దలకు 120, 220, 320 నంబర్ల ఉప్పుకాగితం అంటించుకుంటే అంతకు మించిన సాధనం లేదు. టేబుల్ రంపం అవసరం కిట్టు వదిలి సొంతంగా పలకలు కోసుకునే రోజున వస్తుంది.

తమ్ముడి చేత తెప్పించేవి కిట్టు, చిత్రిక, బిట్లు, రంపం. పదునైనవన్నీ చెక్-ఇన్ పెట్టెలోనే పెట్టమనండి. డ్రెమెల్ సంగతికొస్తే, అక్కడ 120 వోల్టులకు చేసినదాన్ని ఇక్కడ 230 వోల్టులకు పెడితే మోటారు అదుపు లేకుండా తిరిగి కాలిపోతుంది. స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే నడుస్తుంది, దాని సామర్థ్యం యంత్రం వాట్లకు రెట్టింపు ఉండాలి. జుట్టు యంత్రాల కోసం అమ్మే తేలిక కన్వర్టర్లు మోటార్లకు పనికిరావు. చార్జర్ మీద 100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని రాసి ఉన్న బ్యాటరీ రకమైతే నిశ్చింత. విడి లిథియం బ్యాటరీలు మాత్రం చేతి సంచిలోనే రావాలి.

విశాఖ గాలిలో తేమ ఎక్కువ కాబట్టి కిట్టు విప్పగానే పని మొదలెట్టకండి. పలకలను మీరు పనిచేసే గదిలోనే రెండు మూడు రోజులు ఉంచి, తర్వాత కాలిపర్‌తో కొలవండి. అదనపు చెక్క కోసం టేకు జోలికి పోకండి. దాని రంధ్రాలు పెద్దవి, 1:64లో పావు మిల్లీమీటరు రంధ్రం అసలు ఓడలో 16 మి.మీ. గుంట అన్నమాట. పీపాలు, గుండ్రటి చిన్న సామాను తిప్పడానికి ఏటికొప్పాక బొమ్మలవాళ్లు వాడే అంకుడు కర్ర చక్కగా సరిపోతుంది. నునుపుగా తెగుతుంది, చారలు కళ్లకు కొట్టవు.

తాళ్లకు నూగు లేచే నూలు దారం బదులు పాలియెస్టర్ దారం వాడండి. పాత ఇంగ్లిష్ పట్టికల్లో తాడు చుట్టుకొలత అంగుళాల్లో ఇస్తారు. దాన్నే మందం అనుకుని స్కేలుతో భాగిస్తే తాడు మూడింతలు లావైపోతుంది. 9 అంగుళాలంటే 229 మి.మీ., దాన్ని 3.14తో భాగిస్తే 73, మళ్లీ 64తో భాగిస్తే 1.14. అంటే మీకు కావలసింది 1.1 మి.మీ. తాడు.